బోర్డు మీది పేరు

కనీజ్ ఫాతిమా చేతిరాత అచ్చు పోసినట్టు ఉంటుంది. జనగామ సర్కారు బడిలో తెలుగు మీడియం చదివిన చెయ్యి అది. సింగపూరు వచ్చి తొమ్మిదేళ్ళయినా ఆ చేతికి పని తగలక కొంచెం తుప్పు పట్టింది గానీ, గురువారం మధ్యాహ్నం యూ టీ పేటలోని తమ ఫ్లాట్‌లో భోజనాల బల్ల మీద తెల్ల అట్ట పరుచుకుని లావు స్కెచ్ పెన్ పట్టుకోగానే పాత ఒడుపంతా తిరిగి వచ్చేసింది. శ్రీ జనార్ధనరావు, శ్రీమతి శ్యామలాదేవి గార్లకు స్వాగతం. 'శ్యా' కింద వొత్తు కాస్త వంకర పోయిందని మొదటి అట్ట పక్కన పెట్టేసి రెండోది రాసింది. ఆ వంకర ఇంకెవరికీ కనిపించేది కాదు. ఆమెకు కనిపించింది, అంతే.

మాదాపూర్ చుట్టుపక్కల కంప్యూటర్ కంపెనీలు లేచాక గజాల లెక్కన స్థలాలమ్ముకున్న కుటుంబాలు కొన్ని, ఆ డబ్బుతో నాలుగు ఊళ్ళు చూసొద్దామని బయల్దేరుతున్న రోజులవి. వాళ్ళకు హోటలు సరిపడదు. వంటిల్లున్న ఇల్లు కావాలి, విమానం దిగగానే తెలుగులో పలకరించే మనిషి కావాలి. అమీర్‌పేటలో ట్రావెల్ ఆఫీసు నడిపే చక్రధర్‌కు ఆ మనిషి కింది అంతస్తు ఉమ ద్వారా దొరికింది. చాంగీ ఎయిర్‌పోర్టులో ఎదురెళ్ళడం, పాయా లేబర్‌లో అద్దెకు తీసుకున్న అపార్ట్‌మెంట్ దాకా తీసుకెళ్ళడం, రోజూ టిఫినూ భోజనమూ అందించడం, ఊరు చూపించడం. ఈ మొదటి జంట సంతోషంగా తిరిగొస్తే సెలవుల్లో వచ్చే కుటుంబాలన్నీ మీకే అన్నాడు చక్రధర్. లియాఖత్ భార్యగా, షిఫా అమ్మీగా తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలియని కనీజ్‌కు అది తన సొంత పని. ఆ పని ఎంత కావాలో ఆమెకే తెలుసు.

అట్ట మీద సిరా ఆరకముందే చక్రధర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, ఒక్క చిన్న మాట. మీరేమీ అనుకోకూడదు."

ఏమీ అనుకోకూడదని మొదలుపెట్టే మాట ఎప్పుడూ అనుకోవలసిన మాటే అయి ఉంటుంది. కనీజ్ పెన్ను మూత పెట్టి కుర్చీలో కూర్చుంది.

"పార్టీ కొంచెం పాతకాలం మనుషులు మేడమ్. ఆవిడకి పట్టింపులు జాస్తి. అందుకని కమల గారు వస్తారని చెప్పేశాను."

"కమల ఎవరు?"

"మీరే మేడమ్. మీ తెలుగు వింటే ఎవరికీ డౌటే రాదు. పది రోజులే కదా. పేరులో ఏముంది, పని ముఖ్యం."

కాదనడానికి నోరు తెరిచింది. వచ్చిన మాట మాత్రం "సరే". ఎందుకు వచ్చిందో ఫోను పెట్టేశాక చాలాసేపు ఆలోచించింది. పని పోతుందన్న భయం నాలుక మీద కూర్చుని ఆ మాట అనిపించింది. తన మీద తనకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం లియాఖత్ రాఫెల్స్ ప్లేస్‌లో తను పనిచేసే బ్యాంకు నుంచి వచ్చేసరికి ఆమె చెంచాతో పని లేని గిన్నెను కూడా చెంచాతో కలుపుతోంది. వాళ్ళింట్లో మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ. కోపమొస్తే మాత్రం కనీజ్ తెలుగులోకి దిగుతుంది, అప్పుడు లియాఖత్ కూడా తనకొచ్చిన తెలుగుతోనే బతిమాలుకోవాలి.

"కమల అంట. నేను కమలనంట," అంది.

అతను టై వదులు చేసుకుంటూ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "బ్యాంకుల నన్ను లీ అంటరు కదా. తొమ్మిదేళ్ళ సంది లీ, లీ. నేనేమన్న చీనీవాణ్ణి అయిపోయిన్నా?"

"వాళ్ళు నోరు తిరగక అంటున్నరు. చక్రధర్‌కు నా పేరు మంచిగనే నోరు తిరుగుతది."

లియాఖత్‌కు ఆ తేడా తెలుసు. "వద్దనిపిస్తే నక్కో అని చెప్పెయ్. ఈ పని లేకపోతే ఇంకోటి," అన్నాడు మెల్లగా.

"సరే అన్న కదా. అన్నంక పోవాలె."

హోంవర్క్ చేసుకుంటున్న షిఫా తలెత్తి, "అమ్మీ, వై యూ టేక్ అదర్ పీపుల్స్ నేమ్? సో వియర్డ్ లా," అంది. పదమూడేళ్ళ పిల్ల.

శుక్రవారమంతా పనిలోనే గడిచింది. తేక్కా బజారుకు వెళ్ళి కొత్త కుక్కరు, కొత్త గిన్నెలు, కొత్త టిఫిన్ క్యారియరు కొంది. ఎవరూ కొనమని చెప్పలేదు. శాకాహారుల కోసం వండే పాత్రలు వేరేగా ఉండాలని ఆమెకే తోచింది. జనగామలో పక్కింటి వాళ్ళు మడి కట్టుకుని వండుకోవడం చూస్తూ పెరిగింది. ఎవరి పట్టింపు వాళ్ళది, అందులో తనకు చిన్నతనం ఏమీ కనిపించలేదు. చిన్నతనమంతా ఆ కమల దగ్గరే ఉంది.

పాయా లేబర్ అపార్ట్‌మెంట్‌కు వెళ్ళి దుప్పట్లు మార్చింది. వంటగట్టు తుడిచి, బియ్యం, కందిపప్పు, ఉప్పు, చింతపండు సర్దింది. ఫ్రిజ్‌లో పాల డబ్బా పెట్టింది. తలుపు తాళం వేస్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటే ఇల్లు ముద్దొచ్చింది. ఇంత బాగా సర్దింది కనీజ్, మెప్పు పొందబోయేది కమల. ఆ ఆలోచన రాగానే రైలు స్టేషను దాకా విసవిసా నడిచింది.

*

శనివారం పొద్దున చాంగీలో అద్దాల తలుపు ఇవతల బోర్డు పట్టుకుని నిలబడింది. భుజానికి సంచీ, అందులో టిఫిన్ క్యారియరు. తెల్లారకుండానే లేచి చేసిన పులిహోర ఇంకా వెచ్చగానే ఉంది. ఎప్పుడూ తల మీద ఉండే చున్నీ ఆ రోజు భుజాల మీదికి జార్చుకుంది. జార్చుకున్నప్పటి నుంచీ మెడ దగ్గర చలిగానే ఉంది.

విమానం దిగిన జనమంతా వెళ్ళిపోయారు. తన వాళ్ళు మాత్రం రాలేదు. చాలాసేపటికి ఒక పెద్దమనిషి రెండు పెద్ద సూట్‌కేసుల బండి తోసుకుంటూ, వెనకే జరీ అంచు నేతచీర కట్టిన పొట్టి మనిషి చేతిసంచీ గుండెలకు హత్తుకుని వచ్చారు. బోర్డు చూడగానే పెద్దాయన మొహం విప్పారింది.

"తెలుగులో రాశావా తల్లీ. ఎంత గుండ్రంగా ఉందో," అన్నాడు జనార్ధనరావు. "ఆలస్యమైపోయింది. మా ఆవిడ ఆవకాయని లోపల ఆపేశారు. సీసా మూత తీసి వాసన చూసి గానీ వదల్లేదు."

శ్యామలాదేవి బోర్డు వంక కాకుండా మనిషి వంక చూసింది. పైనుంచి కింది దాకా, తీరిగ్గా చూసింది.

"నువ్వేనా కమల?"

"అవునండీ," అంది కనీజ్.

చాలా సులువుగా వచ్చింది. చక్రధర్ చెప్పింది నిజమే, ఎవరికీ అనుమానం రాలేదు. కనీజ్ బండి అందుకుని టాక్సీలు ఆగే చోటు వైపు తిప్పింది.

నాలుగడుగులు వేశాక శ్యామలాదేవి ఆగిపోయింది. చేతిసంచీలోంచి మడతపెట్టిన క్యాలెండరు కాగితం తీసి కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. "ఇవాళ శనివారం. తొమ్మిది నుంచి పదిన్నర రాహుకాలం. ఇప్పుడెంతయింది?"

"తొమ్మిది కావస్తోంది," అన్నాడు జనార్ధనరావు గోడ గడియారం చూసి.

"నా వాచీలో ఆరున్నర కూడా కాలేదే."

"అది ఇండియా టైము. ఇక్కడికొచ్చాక ఇక్కడి టైమే లెక్క."

"ఎట్టా లెక్క? క్యాలెండరు మనూరిది. ఇందులో ఉన్న తొమ్మిది మనూరి తొమ్మిది."

"రాహువు సూర్యుణ్ణి బట్టి ఉంటాడే. మన పాస్‌పోర్టు చూసి రాడు."

"మీకు తెలిసిపోయినట్టే మాట్లాడతారు." ఆమె అతన్ని వదిలేసి కనీజ్ వైపు తిరిగింది. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. ఊరుగాని ఊళ్ళో తన మనిషి దొరికినప్పుడు పెట్టుకునే గొంతు అది. "చూడమ్మా, కమలా. కొత్తింట్లో పది రోజుల కోసమైనా రాహుకాలంలో అడుగు పెట్టను నేను. పాలు పొంగించి గానీ మంచినీళ్ళైనా తాగను. నువ్వు ఈ ఊళ్ళోనే కాపురం ఉంటున్నావు. మీ ఇంట్లో ఏ టైము చూసుకుంటారు? నువ్వెట్టా చెబితే అట్టా చేద్దాం."

ఇక్కడి టైమే ఆంటీ అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆవిడ నమ్మేది. ఏది చెప్పినా నమ్మేది. కనీజ్ నోటిదాకా ఆ మాట వచ్చింది. ఇల్లు, పొయ్యి, దేవుడు, మంచీ చెడూ అన్నీ తన చేతిలో పెట్టి అడుగుతోంది ఒక పెద్ద మనిషి. పేరు మార్చుకున్నప్పుడు పోయింది తన పేరొక్కటే. ఇప్పుడు ఇంకొకరి నమ్మకం కూడా పోతుంది.

ఆమె బండి వదిలేసి చున్నీ తీసి తల మీద కప్పుకుంది.

"ఆంటీ, నా పేరు కమల కాదు. కనీజ్ ఫాతిమా. మేము ముసల్మానులం. మా ఇంట్ల రాహుకాలం చూడం. నాకు తెల్వని దాన్ని తెలిసినట్టు చెప్తే మీకు మోసం చేసినట్టయితది."

పక్కన ఎవరివో చక్రాల పెట్టెలు గరగరమంటూ వెళ్ళాయి. జనార్ధనరావు ఒకసారి దగ్గి, ఎదురుగా ఉన్న పూలకుండీలను లెక్కపెట్టేవాడిలా చూడసాగాడు.

"మరి ఇందాక అవునన్నావేం?" అంది శ్యామలాదేవి.

"అది నా తప్పే."

"ఎవరు చెప్పమన్నారు? ఆ చక్రధరేనా?"

"చెప్పమన్నది ఎవరైనా, చెప్పింది నేను." కనీజ్ సంచీలోంచి తాళంచెవి తీసి చాచిన అరచేతిలో పెట్టుకుంది. "ఇది ఇంటి తాళం ఆంటీ. అడ్రస్ డ్రైవర్‌కు నేను చెప్తా. నాతోని రావద్దనుకుంటే టాక్సీ ఎక్కిస్తా, మీరు పోవచ్చు. వస్తనంటే తలుపు దాకా నేనే తీసుకపోత. వండింది కొత్త గిన్నెల్ల, మా ఇంట్ల. తినుడు తినకపోవుడు మీ ఇష్టం."

పని పోయిందని అప్పటికే అనుకుంది. విచిత్రంగా మెడ దగ్గర చలి కూడా పోయింది.

శ్యామలాదేవి తాళంచెవి వంక చూసింది, తీసుకోలేదు. క్యాలెండరు కాగితం వంక చూసింది. "ముందు ఈ సంగతి తేలాలి కదా," అంది చిరాగ్గా. "ఏ టైమో తేలకుండా తాళం తీసుకుని నేనేం చేసుకోను?"

కనీజ్‌కు నవ్వొచ్చింది, ఆపుకుంది. కాగితం కోసం చెయ్యి చాచి, ఆగి, ఆవిడే పట్టుకుని ఉండగా వంగి చూసింది. "ఏది నిజమో నాకు తెల్వది. కానీ ఇక్కడి పదిన్నరకు ఇక్కడిది అయిపోతది. మీ ఊరి తొమ్మిదంటే ఇక్కడ పదకొండున్నర. ఈ నడుమ గంట రెండిట్ల దేంట్లనూ లేదు. ఆ గంటల గడప దాటితే అంకుల్ మాటా నిలబడతది, మీ మాటా నిలబడతది."

శ్యామలాదేవి వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. రెండోసారి కూడా చూసుకుంది.

"అయితే తొందరేం లేదు," అన్నాడు జనార్ధనరావు గట్టిగా ఊపిరి వదిలి. "టాక్సీ ఎందుకు, రైల్లో పోదాం. నాకు రైలు చూడాలనుంది."

తాళంచెవి కనీజ్ చేతిలోనే ఉండిపోయింది.

*

పెద్ద సూట్‌కేసు కనీజ్ లాగింది, రెండోది జనార్ధనరావు. తానా మేరాలో రైలు మారేటప్పుడు శ్యామలాదేవి పట్టాల అంచుకు దగ్గరగా వెళ్తుంటే కనీజ్ మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ విడిపించుకోలేదు. జనార్ధనరావు మాత్రం కిటికీ దగ్గర చిన్నపిల్లాడైపోయాడు. ఈ ఇళ్ళన్నీ సర్కారు కట్టినవేనా, ఇన్ని బట్టలు కర్రలకు ఆరేస్తే గాలికి పోవా అని అడుగుతూనే ఉన్నాడు. కనీజ్ అన్నిటికీ జవాబు చెప్పింది. ఆమె కళ్ళు మాత్రం ఎదుటి సీట్లో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి మీదే ఉన్నాయి. ఆ మొహంలో కోపం ఉందో లేదో తెలియలేదు. తిడితే బాగుండుననిపించింది.

అపార్ట్‌మెంట్ కింద ఈతకొలను పక్కన నీడలో బెంచీ ఉంది. అక్కడ కూర్చున్నారు. పదిన్నరకు ఇంకా చాలా టైముంది. కాసేపటికి జనార్ధనరావు సంచీ వైపు చూశాడు. ఇంకాసేపటికి మళ్ళీ చూశాడు.

"అందులో పులిహోరేనా తల్లీ?"

"అవును అంకుల్. నిమ్మకాయ కాదు, చింతపండుదే."

"నాకాకలేస్తోంది," అన్నాడు భార్య వైపు చూడకుండా. భార్య కొలనులో నీళ్ళ వైపు చూస్తోంది. అతను క్యారియరు విప్పుకుని తిన్నాడు. రెండో గిన్నె కూడా ఖాళీ చేసి, వేరుశెనగ గింజ ఒక్కటి కూడా వదలకుండా ఏరుకున్నాడు.

"ఆంటీ, మీకు?"

"నాకు బయటి తిండి పడదమ్మా." మాట కటువుగా లేదు. అయినా కనీజ్‌కు చివుక్కుమంది. కొత్త కుక్కరు కొన్న మనసు అది, ఎంత గట్టిదైనా ఆమాత్రం నొచ్చుకుంటుంది. మూత బిగించి క్యారియరు సంచీలో పెట్టుకుంది.

పదిన్నర దాటాక ఇంకో పది నిమిషాలు ఆగమంది శ్యామలాదేవి, గడియారాలను నమ్మలేక. అప్పుడు పైకెళ్ళారు. కనీజ్ తలుపు తీసి పక్కకు జరిగింది. ఆవిడ కుడికాలు పెట్టి లోపలికెళ్ళింది, వెనకే ఆయన. సూట్‌కేసులు గడప లోపలికి నెట్టి కనీజ్ బయటే నిలబడింది. తలుపు దాకా అంది, తలుపు దాకా తెచ్చింది. మాట అయిపోయింది.

లోపల గిన్నె చప్పుడైంది. తర్వాత టిక్కు టిక్కు మని మీట తిప్పిన చప్పుడు, మళ్ళీ మళ్ళీ. తర్వాత ఆవిడ గొంతు.

"ఈ పొయ్యి ఎట్టా వెలిగించాలో అర్థం కావట్లేదు. లోపలికి రా."

అది అద్దం పలక కింద ఎర్రగా కాలే కరెంటు పొయ్యి. మీట నొక్కి పట్టుకుని తిప్పాలి. కనీజ్ చెప్పులు విప్పి లోపలికెళ్ళి నొక్కి తిప్పింది. పలక కింద చుట్ట ఎర్రబారింది. వెనక్కి తగ్గబోతుంటే, "ఎంత మీద పెట్టాలో నాకేం తెలుసు, ఉండు," అంది శ్యామలాదేవి. ఇద్దరూ గిన్నె వంక చూస్తూ నిలబడ్డారు. పాలు పొంగి అంచు దాటి పలక మీద పడగానే చుర్రుమని పొగ లేచింది, కప్పుకు బిగించిన, పొగ పసిగట్టే గంట చెవులు చిల్లులు పడేలా మోగడం మొదలుపెట్టింది. కనీజ్ కుర్చీ ఎక్కి చున్నీ కొసతో గంట కింద టపటపా విసిరింది. కింద శ్యామలాదేవి రెండు చేతులూ జోడించి, గంట మోగుతుండగానే దణ్ణం పెట్టుకుంది.

"గంట కూడా వాళ్ళే కొట్టారు, ఇంకేం కావాలి," అన్నాడు జనార్ధనరావు.

*

ఆ సాయంత్రమే చక్రధర్‌కు కనీజ్ తనే ఫోన్ చేసి చెప్పింది. ఇంకెవరి నోటనో తెలియడం ఆమెకు ఇష్టం లేదు.

"మీరు చేజేతులా పాడు చేసుకున్నారు మేడమ్," అన్నాడతను. "వాళ్ళేమన్నారు?"

"ఏమనలే."

"అనరు. ఇక్కడికొచ్చాక నన్నంటారు. సరే, ఈ పది రోజులూ కానివ్వండి. తర్వాతి పార్టీలకి నేను వేరే వాళ్ళని చూసుకుంటాను."

"చూసుకోండి. కానీ నేనైతే ఇంక నా పేరుతోనే వస్త. ఎవరికైనా సరే."

ఫోను పెట్టేశాక వంటింట్లో నిలబడి రెండు నిమిషాలు ఏడ్చింది. ఏడుపు అబద్ధం కాదు, అన్న మాటా అబద్ధం కాదు. తర్వాత మొహం కడుక్కుని మర్నాటి ఇడ్లీకి పప్పు నానబోసింది.

రోజూ పొద్దున్నే యూ టీలో రైలెక్కి పాయా లేబర్ వెళ్ళేది. జనార్ధనరావు ఇడ్లీ, పెసరట్టు, పొంగలి అన్నీ మెచ్చుకుంటూ తినేవాడు. శ్యామలాదేవి తన గిన్నెలో తను ఇంత వండుకుని తినేది. తర్వాత ముగ్గురూ ఊరు చూడ్డానికి బయల్దేరేవాళ్ళు. పక్షుల పార్కులో నడవలేక ఆవిడ కూర్చుండిపోతే కనీజ్ కూడా పక్కనే కూర్చునేది. ఆవిడ తన పుట్టిల్లు తెనాలి కబుర్లు చెప్పేది, కనీజ్ జనగామ కబుర్లు. రాహుకాలం గురించిగానీ పేరు గురించిగానీ ఇద్దరూ ఎత్తలేదు. పిలవాల్సి వస్తే ఆవిడ "అమ్మాయ్" అనేది. కమలా అన్న పిలుపు పోయింది. దాని చోట ఇంకా ఏమీ రాలేదు.

క్యారియరు మాత్రం ఏ రోజూ ఖాళీగా తిరిగి రాలేదు. కడిగి, తుడిచి, పై గిన్నెలో ఏదో ఒకటి పెట్టి ఇచ్చేది శ్యామలాదేవి. ఒకరోజు ఆవకాయ, ఒకరోజు కంది పచ్చడి, ఒకరోజు పాలతాలికలు. ఒకరి గిన్నె ఒట్టిది పంపించడం ఇటు ఆవిడ ఇంట్లోనూ లేదు, అటు కనీజ్ ఇంట్లోనూ లేదు. అది తెలిసి కూడా మొదటిరోజు కనీజ్ ఆ గిన్నె ముట్టలేదు.

"మన ఇంటిది ఆమె తినదు. ఆమె ఇంటిది నేనెందుకు తినాలె?"

"నువ్వు తినకు," అన్నాడు లియాఖత్ గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "నాకేం కోపం లేదు. నాకియ్యి." అన్నం కలుపుకుని కళ్ళు మూసుకుని తిన్నాడు. "జనగామల తిన్నట్టే ఉంది," అన్నాడు. జనగామలో అతను గడిపింది పెళ్ళి నాటి రెండు రోజులే. షిఫా వేలితో నాకి, "షియోక్ లా," అని ఈ ఊరి మాటలో మెచ్చుకుని ఇంకొంచెం వడ్డించుకుంది. పాలతాలికల రోజున కనీజ్ కూడా తిన్నది. చాలా బాగున్నాయి, దాంతో కోపం ఇంకాస్త ఎక్కువైంది.

*

తిరుగు ప్రయాణం రోజున చాంగీలో పెట్టెలు లోపలికి పంపించాక ఇంకా టైముంది. జనార్ధనరావు మనవళ్ళకు చాక్లెట్లు కొంటానని వెళ్ళాడు. శ్యామలాదేవి కనీజ్ పక్కన కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటూ, "నీ ఫోన్లోంచి ఆ చక్రధర్‌కి కలిపివ్వు," అంది.

కనీజ్‌కు తన మీద ఫిర్యాదేమో అనిపించింది. అయినా కలిపి ఇచ్చింది.

"నేను శ్యామలాదేవిని మాట్లాడుతున్నా. ఆఁ, బానే ఉంది. ఆఁ, ఇల్లు అద్దంలా ఉంది. విను. వచ్చే నెల మా చెల్లెలు, మరిది వస్తున్నారు, ఆ అపార్ట్‌మెంటే కావాలి. మనిషా? కమల అనే ఆవిడ మాకెవరూ తెలియదయ్యా. మమ్మల్ని కనిపెట్టుకుని తిప్పింది కనీజ్ ఫాతిమా. ఆవిడే రావాలి. రాకపోతే మావాళ్ళు నీ దగ్గర టికెట్టు కొనరు. ఇంకో మాట. నా పట్టింపులు నావి. నేను మీ ఆఫీసుకొచ్చినప్పుడు మీ మంచినీళ్ళు కూడా తాగలేదు, గుర్తుందా? దానికి నువ్వు పేరు మార్చుకున్నావా? ఆ పిల్ల పేరెందుకు తీసేశావు? నా పేరు చెప్పి నువ్వు చేసిన పని కదా అది. నాకెంత సిగ్గుగా ఉంటుంది?"

అవతల ఏదో నసుగుడు వినిపించింది. ఆవిడ ఫోను ఎలా కట్టేయాలో తెలియక అలాగే కనీజ్ చేతిలో పెట్టేసింది.

తొలిసారిగా ఆ నోట తన పూర్తి పేరు విన్నది కనీజ్. ఒక్క అక్షరం తొట్రుపడలేదు. ఎన్నిసార్లు లోలోపల అనుకుని చూసుకుందో ఈ పది రోజుల్లో.

"తొమ్మిది కావస్తుంటే ఆ పూట నువ్వు ఏ టైము చెప్పినా నమ్మేదాన్ని," అంది శ్యామలాదేవి, చాక్లెట్ల కొట్టు వైపు చూస్తూ. "నమ్ముతానని నీకూ తెలుసు. నీ వంట తినలేదని మనసులో పెట్టుకున్నావు. నీ గిన్నెలో ఆవకాయ పెట్టి తిరిగిచ్చినప్పుడు నీ మొహం చూశాను. మా అమ్మ పోయిన దగ్గర్నుంచీ నా చేతి వంటే తింటాను. మా కోడలు వండినా తినను. మా ఆయన్ని అడుగు."

అది నిజమో, తన మనసు నొచ్చకుండా అన్నదో కనీజ్‌కు తెలియలేదు. జనార్ధనరావును అడగాలని కూడా అనిపించలేదు. "మీ పాలతాలికలు మంచిగున్నయి ఆంటీ," అంది.

"బెల్లం తక్కువైంది. ఇక్కడి బెల్లం మనదంత తీపి కాదు." లేచి చీర కుచ్చెళ్ళు సరిచేసుకుంది. "మా చెల్లెలు నాలాగా కాదు, నువ్వేం పెట్టినా తింటుంది. దాని పేరే కమలాదేవి. దాని పేరు దాన్నుంచుకోనీ. నీది నువ్వుంచుకో."

ఆ మాటకు కనీజ్ పెద్దగా నవ్వింది. నవ్వుతూనే చున్నీ కొసతో కళ్ళు తుడుచుకుంది.

*

మరుసటి నెల, వాళ్ళు దిగే ముందురోజు సాయంత్రం మళ్ళీ భోజనాల బల్ల మీద తెల్ల అట్ట పరుచుకుంది. లియాఖత్ భుజం మీదుగా తొంగి చూశాడు.

"వాళ్ళ పేర్లు రాయవా?"

"నన్ను ఎతుక్కుంట వచ్చేది వాళ్ళు. వాళ్ళ పేర్లు వాళ్ళకు తెలుసు."

అట్ట నిండా ఒక్క పేరే రాసింది. 'ఫా' దీర్ఘం కొస కొంచెం గర్వంగానే పైకి తిరిగింది, దాన్ని దిద్దలేదు. షిఫా వచ్చి చూసి, తెలుగు చదవడం రాకపోయినా, "దట్స్ యూ, ఈజ్ ఇట్?" అంది.

పొద్దున చాంగీలో అద్దాల తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. చుట్టూ నిలబడ్డ డ్రైవర్ల చేతుల్లో రాబోయే వాళ్ళ పేర్లున్నాయి. ఆమె చేతుల్లో తన పేరుంది. తలమీద చున్నీ సర్దుకుని బోర్డు ఇంకాస్త పైకెత్తింది. జనంలోంచి అచ్చం శ్యామలాదేవి ముక్కే ఉన్న ఒకావిడ, ఒక్కో బోర్డూ చూసుకుంటూ, వేలు గాలిలో ఆడిస్తూ వచ్చి ఎదురుగా ఆగింది. అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"మా అక్క చెప్పింది. మీరేనా కనీజ్ ఫాతిమా?"

"అవునండీ," అంది కనీజ్.